ఒళ్లు చెప్పిన సాక్ష్యం

మొన్న తిరుపతిలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో గంటన్నర కూర్చున్నాను. అద్దాల గదిలోంచి ఒక అమ్మాయి తల బయటపెట్టి పేర్లు పిలుస్తోంది. దాన్ని పిలుపు అనకూడదు, గొణుగుడు అనాలి. నా పక్కన కూర్చున్న నగరి నుంచి వచ్చిన పెద్దాయన పేరు రెండుసార్లు వచ్చిపోయింది. ఆయనకు వినపడలేదు. మూడోసారికి ఆ అమ్మాయి విసుక్కుని తరువాతి పేరుకు వెళ్లిపోయింది. నేను లేచి, పోట్లాడి, ఆయన్ను లోపలికి పంపించి వచ్చి కూర్చున్నాక మా మామ గుర్తుకొచ్చాడు. ఎప్పటిలాగే ఆయనతోపాటు కోపమూ వచ్చింది.

ఆయన పోయి ఏడాది దాటింది. కోపం మాత్రం ఇంకా పోలేదు.

మామ చిత్తూరు కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. మొదట బంట్రోతు, చివరి పదేళ్లు డఫేదారు. జడ్జి గారు తన గదిలోంచి బెంచీ దాకా నడిచే కాసింత దూరంలో నాలుగు అడుగులు ముందు నడిచే మనిషి. తెల్లబట్టలు, నడుముకు ఎర్రపట్టీ, దానికి ఇత్తడి బిళ్ల. కేసుల వాళ్ల పేర్లు మూడుసార్లు పిలవడం కూడా ఆయన పనే. ఆయన పిలిస్తే రోడ్డవతల టీ అంగట్లో ఉన్నవాడు గ్లాసు సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఆయనదీ మాదీ ఒకటే ఊరు. నాయన ఆయన్ని బావా అనేవాడు, కాబట్టి నాకు మామ. రిటైరయ్యాక చిత్తూరులో మా వీధిలోనే ఉండేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కోపం అర్థం కాదు. నేను మామిడి మండీలో కాయలు ఏరి తూకం వేయించే పని చేస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. కాయల కాలం మూడు నెలలు, తక్కిన తొమ్మిది నెలలూ నాకు జిల్లా గ్రంథాలయమే కాలేజీ. అక్కడ చరిత్ర బీరువా అయిపోయింది, తత్వశాస్త్రం బీరువా సగం అయింది, ఇప్పుడు సమాజశాస్త్రంలో ఉన్నాను. డిగ్రీలు చేసినవాళ్లు నన్ను సందేహాలు అడిగిన సందర్భాలున్నాయి. ఇలాంటివాడికి అలాంటి మామ ఉంటే ఏమవుతుందో చూడండి.

మా ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు మామ నేలమీద బాసింపట్టు వేసుకుని, కాఫీ చల్లార్చుకుంటూ, నా పుస్తకాల మీద ఎగతాళి చేస్తూ గంటలు గంటలు కూర్చునేవాడు. "ఒరే అల్లుడూ, ఇంత సదివి ఆ మామిడికాయలకి ఏం సెప్తాండావురా?" అనేవాడు. నవ్వితే భుజాలు రెండూ ఎగిరేవి. అంతలో జేబులో పెన్ను పెట్టుకున్నవాడెవడైనా గడప తొక్కాడా, అయిపోయింది. మామ లేచి తలుపు పక్కన గోడకు ఆనకుండా నిలబడేవాడు. చేతులు బొడ్డు దగ్గర ఒకదానిమీద ఒకటి. మెడ కాస్త కుడికి వంచి, ఎడమ చెవి ముందుకు. ఒకసారి ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. మామ నిలబడ్డాడు. పెద్దాయన నిలబడ్డాడని ఏజెంటూ నిలబడ్డాడు. "కూర్చోండి సార్" అని ఆయన, "మీరు కూర్చోండి" అని మామ. కాఫీలు చల్లారాయి. ఏజెంటు నిలబడే కాగితాలన్నీ చూపించి వెళ్లిపోయాడు.

ఆస్పత్రికి తీసుకెళ్తే ఇంకా ఘోరం. మోకాలినొప్పితో రాత్రంతా మూలిగిన మనిషి, డాక్టరు "పోయినసారి మాత్రలకు తగ్గింది కదా?" అనగానే "చిత్తం సార్" అన్నాడు. డాక్టరు అవే మాత్రలు రాశాడు. ఆటో ఎక్కినప్పటినుంచి ఇంటిదాకా మళ్లీ మూలుగు. తగ్గలేదని చెప్పొచ్చు కదా అని నేను అరిస్తే, "సెప్దామనే నోరు తెరిసినాన్రా, అదే వొచ్చేసింది" అన్నాడు.

ఒకనాడు నాలుగు పత్రికలు చదువుకుంటాడులే అని గ్రంథాలయానికి తీసుకెళ్లాను. నేను పుస్తకం తీసుకుని తిరిగొచ్చేసరికి మామ లైబ్రేరియన్ బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. చెదిరిన పత్రికలన్నీ సర్దేశాడు. ఒకాయన ఫ్యాను వేయమన్నాడు, వేశాడు. ఇంకొకాయన నిన్నటి పేపరు అడిగాడు, వెతికి తెచ్చిచ్చాడు. మధ్యాహ్నానికల్లా చదువరులందరూ ఆయన్ని మంచినీళ్లు అడుగుతున్నారు. వచ్చేటప్పుడు లైబ్రేరియన్ నన్ను పక్కకు పిలిచి, మీ మనిషిని రోజూ పంపించగలరా అని అడిగాడు. మామ మొహం వెలిగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజుల్లోనే మానవశాస్త్రం పుస్తకంలో హాబిటస్ అనే మాట నా కంటబడింది. నిఘంటువు దగ్గర పెట్టుకుని ఆ అధ్యాయం మూడుసార్లు చదివాను. అలవాటు అని తెలుగు చేస్తే సరిపోదు. పుర్రచేతి వాటం అంటామే, ఆ వాటం. నేను దాన్ని ఒంటి వాటం అనుకున్నాను. బీడీ తాగడం అలవాటు. తాగేవాడికి తాగుతున్నానని తెలుసు, మానాలనీ తెలుసు. ఇది అలా తెలిసేది కాదు. మనిషి ఏ ఇంట్లో పెరిగాడో, ఏ కొలువులో నలిగాడో, ఆ చోటు ఆయన ఒంట్లోకి దిగిపోతుంది. ఎవరి ముందు ఎలా నిలబడాలి, ఎంత గొంతుతో మాట్లాడాలి, ఏ కుర్చీ తనది, ఏది మనలాంటివాళ్లకు కాదు, ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వస్తాయి. వచ్చి, ఇదే నా స్వభావం అనిపించేలా కుదురుకుంటాయి. మనసు రూల్సు గుర్తు తెచ్చుకుని నడపడం కాదు, కబడ్డీ ఆడేవాడి కాలు గీత దగ్గర తనకు తానే ఆగడం లాంటిది. నా మటుకు నాకు ఇందులో వింతేమీ లేదు. తోతాపురి కాయల పెట్టె ఎత్తితే కిలో తక్కువున్న సంగతి ముందు నా భుజం చెబుతుంది, కాటా తరువాత చెబుతుంది.

ఇదంతా మామకు ఒక సాయంత్రం పూర్తిగా వివరించాను. ఓపిగ్గా విన్నాడు. "దీనికి పుస్తకం రాసినారా? నా మోకాళ్లని అడిగింటే ఊరికే సెప్పిండవా" అన్నాడు.

ఇది ఇలా నవ్వులాటగానే ఉండిపోయి ఉంటే బాగుండేది. మా తోటకు పోయే బాట ఆయన నోటిమీద ఆధారపడాల్సి వచ్చింది.

ఊర్లో మాకు ఎకరన్నర మామిడి తోట ఉంది. రోడ్డు నుంచి తోటకు పోవాలంటే మధ్యలో ఒక చేను దాటాలి. ఆ చేను ఒకప్పుడు మామ వాళ్లది. దాని గుండా మా తాత కాలం నుంచీ బండి బాట ఉంది. మామ ఉద్యోగంలో ఉండగా, సేద్యం చూసుకోలేక ఆ చేను ఊర్లోనే ఇంకొకాయనకు అమ్మేశాడు. బాట తోటవాళ్లది, దాని జోలికి పోవద్దని నోటితో చెప్పి అమ్మాడు. కొన్నాయన సరేనన్నాడు. కాగితంలో రాయలేదు. ఊరందరూ నడిచే బాట సంగతి కాగితంలో రాయాలని ఎవరికి తడుతుంది? కొన్నేళ్లకు కొన్నాయన బాటను దున్ని, చెనక్కాయ వేసి, చుట్టూ కంచె కట్టాడు. ఆ ఏడు మా కాయలు ట్రాక్టరుకు బదులు గంపల్లో వెళ్లాయి. వాన నీళ్లు పారే వంక చుట్టూ తిరిగి నెత్తిన మోశాం. గుజ్జు ఫ్యాక్టరీకి చేరేసరికి సగం కాయలు దెబ్బతిన్నాయి. డెబ్బై దాటిన నాయన గంపతో సహా వంకలో జారిపడ్డాడు. బాట రాకపోతే ఆ తోట ఉన్నా మాకు లేనట్టే. నాయన పేరు మీద కోర్టుకు వెళ్లాం.

ఊర్లో వాళ్లెవరూ కొన్నాయనకు ఎదురు చెప్పరు. మిగిలింది మామ ఒక్కడే. అమ్మినవాడే వచ్చి, బాట ఉంది, చెప్పే అమ్మాను అంటే ఇంకేం కావాలి?

వారం రోజులు మా ఇంట్లో నేను లాయరునయ్యాను, మామ సాక్షి. నేను గట్టిగా, వంకరగా, బెదిరిస్తూ అడిగేవాణ్ని. ఆయన నేలమీద కూర్చుని చక్కగా చెప్పేవాడు. ఆ చేనులో బాటే లేదంటాను, ఏమంటావు అని ఒకరోజు నిలదీశాను. "బాట లేకుంటే మీ తాత ఎద్దులు యాడ పేడ ఏసినాయిరా, మీ నట్టింట్లోనా?" అన్నాడు. నా భార్య వంటింట్లోంచి నవ్వింది. ఇంతకంటే మంచి సాక్షి దొరకడని నాకు నమ్మకం కుదిరింది. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఒక్క సంగతి తట్టలేదు. ఆ వారమంతా నేను లుంగీలో ఉన్నాను.

వాయిదా రోజు వరండాలో కూర్చున్నాం. కొత్తగా వచ్చిన అటెండరు గుమ్మంలోకి వచ్చి మామ పేరు పిలిచాడు. ఆ పిలుపు గుమ్మం దాటలేదు. మామ మొహం ముడుచుకుంది. "ఇదేమి పిలుపురా" అని నా చెవిలో గొణిగి, లేచి నిలబడి, గొంతు సవరించుకుని, తన పేరు తానే మూడుసార్లు పిలిచాడు. వరండా కొసన ఉన్న లాయర్లు కూడా తిరిగి చూశారు. పిలవడం అయ్యాక "వచ్చినాడు సార్" అని జవాబూ తానే చెప్పి లోపలికి నడిచాడు.

లోపల బోను ఎక్కమంటే బోను పక్కన నిలబడ్డాడు. ఎక్కించారు. జడ్జి గారు ఏదో కాగితం కోసం చూస్తుంటే దిగిపోయి, బల్లమీది కట్టలోంచి తీసి ఇచ్చి వచ్చాడు. మళ్లీ ఎక్కించారు. జడ్జి గారు నలభై ఏళ్ల ఆవిడ. నవ్వు ఆపుకుంటోందని నాకు కనిపిస్తూనే ఉంది. మామ చెప్పాల్సింది మా లాయరు ముందే రాయించి ఇచ్చాడు, కాబట్టి ముందు అవతలి లాయరే లేచాడు. నల్లకోటు సర్దుకున్నాడు. అప్పుడు చూశాను, మామ చేతులు బొడ్డు దగ్గరికి వచ్చాయి, మెడ కుడికి వంగింది, ఎడమ చెవి ముందుకు వచ్చింది.

"మీరు అమ్మిన కాగితంలో బాట ఊసే లేదు, అవునా?"

"చిత్తం సార్." అది నిజమే.

"లేని బాటను కాగితంలో ఎవరూ రాయరు కదా?"

"చిత్తం సార్."

"వాది మీకు బావ వరస. ఆయన కోసం ఈ బాట కథ అల్లారు."

"చిత్తం సార్."

లాయరుకే అనుమానం వచ్చి ఒకసారి ఆగాడు. ఇంత సులువుగా పనైపోవడం ఆయనకూ కొత్తేమో. జడ్జి గారు కళ్లద్దాల మీదుగా చూసి, అడిగేది అర్థమయ్యే జవాబు చెబుతున్నారా అని అడిగింది. ఆవిడ మాట పూర్తికాకముందే మామ మరో చిత్తం చెప్పేశాడు. మా లాయరు లేచి ఏదో అడగబోయాడు. ఆయనదీ నల్లకోటే. ఆయనకూ అదే జవాబు వచ్చింది. నాయన నా పక్కన కూర్చుని తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

బయటికొచ్చాక నేనేం మాట్లాడానో ఇప్పటికీ మాటమాటా గుర్తుంది. నోటరీ బల్లల దగ్గర, పదిమంది వింటుండగా, వేలు చూపించి మాట్లాడాను.

"ముప్పై ఏండ్లు తలుపు కాడ నిలబడి నిలబడి నువ్వు మనిషివే కాకుండా పోయినావు. మా నాయన నెత్తిన గంప మోస్తాడు, నీ చిత్తానికి. ఇంక నోరు తెరవద్దు. ఇంటికి పో."

మామ నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. ఏదో అనబోయాడు. తరువాత చేతులు దగ్గరికి వచ్చాయి.

"చిత్తం" అన్నాడు.

వెళ్లిపోయాడు. ఆ కోపంలో నాకు ఆ మాట పట్టలేదు. ఎవరితో అన్నాడో ఆలోచించలేదు.

కేసు పోయినట్టేనని మా లాయరు తేల్చేశాడు. చివరి ప్రయత్నంగా, స్థలం చూసి రావడానికి కమిషనరును వేయమని కోర్టును అడిగాడు. కమిషనరు అంటే మరో లాయరే. వచ్చి, చూసి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాసి కోర్టుకిస్తాడు. చూడ్డానికి అక్కడేముందని నాకు చిరాకు. దున్నిన నేల, మోకాలెత్తు చెనక్కాయ చెట్లు. కమిషనరు వచ్చిన రోజు మామను నేను పిలవలేదు. నాయన పిలుచుకొచ్చాడు. ఇద్దరూ వేపచెట్టు కింద నిలబడ్డారు. మామ నా వైపు రాలేదు, నేనూ ఆయన వైపు పోలేదు.

కొన్నాయన కంచె తీసి, చేను వైపు చేయి చాపాడు. "సూడండి సార్, ఈడ బాట యాడుండాది? మీకేమన్నా అవుపడతాండాదా?"

కమిషనరుకు ఏమీ అవుపడలేదు. ఎండ ముదురుతోంది. సరే, ఆ తోట కూడా ఒకసారి చూసేసి పోదాం పదండి అని నల్లకోటు సర్దుకుని బయల్దేరాడు.

అంతే. వేపచెట్టు కిందినుంచి మామ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కమిషనరుకు సరిగ్గా నాలుగు అడుగులు ముందు చేరి, కుడిచేయి పక్కకు చాపి జనాన్ని వెనక్కి తోస్తూ, వీపు నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. నడుముకు పట్టీ లేదు, బిళ్ల లేదు, లుంగీ ఉంది. సిగ్గుతో నేను నేలకేసి చూశాను. ఇంకా బుద్ధి రాలేదా ఈ మనిషికి అనుకున్నాను.

నేలకేసి చూడబట్టి ఆయన పాదాలు కనిపించాయి. తోట ఎదురుగా కనిపిస్తోంది, తిన్నగా పోతే సరిపోతుంది. మామ తిన్నగా పోలేదు. కొంత దూరం పోయాక ఎడమకు తిరిగాడు. అక్కడ అడ్డమేమీ లేదు. ఏమీ లేనిదాన్ని చుట్టి మళ్లీ కుడికి వచ్చాడు. అక్కడ ఒకప్పుడు చింతచెట్టు ఉండేదని, దాన్ని ఎప్పుడో కొట్టేశారని నాకూ నాయనకూ తెలుసు. ఇంకో ఇరవై అడుగులు పోయి, కాలు జానెడు పైకెత్తి దాటి, సగం వెనక్కి తిరిగి, కమిషనరు కాళ్లవైపు చేయి చూపించాడు.

"బండ సార్, సూసుకోండి."

కమిషనరు ఆగాడు. కింద చూశాడు. చెనక్కాయ చెట్లు తప్ప ఏమీ లేవు. "ఏ బండ?" అని అడిగాడు.

మామ కూడా కింద చూశాడు. కాలు ఎత్తినట్టు ఆయనకు అప్పుడే తెలిసింది. దొంగతనం చేసి దొరికినవాడిలా తెల్లబోయాడు. కమిషనరు చిన్నవాడైనా చురుకైనవాడు. కొన్నాయన మొహం చూశాడు, గడ్డపార తెప్పించాడు.

మట్టి తోలి చదును చేసిన ఆ చోట, మూరెడు లోతులో రెండు బండలు బయటపడ్డాయి. పాతకాలపు నీటికాలువ మీద పక్కపక్కన పరిచినవి. ఒక్కోదాని మీద ఒక్కో గాడి, బండి చక్రాలు తిరిగి తిరిగి అరిగినవి. రెండు గాళ్ల మధ్య ఎడాన్ని కమిషనరు టేపుతో కొలిచి రాసుకున్నాడు. బాట లేని చోట కాలువ మీద బండలు ఎవరూ పరచరని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. కొన్నాయన ఆ సాయంత్రమే రాజీకి కబురు చేశాడు. పది అడుగుల బాట కాగితం మీద రాయించుకున్నాం. ఆ వేసవికి ట్రాక్టరు తోటలోకి వెళ్లింది.

అడిగితే నోటితో లేదన్నవాడు కాలితో ఉందన్నాడు. రెండూ నల్లకోటు ముందే. దీనికి సంతోషించాలో, ఇంత కథ ఎందుకు నడిపించావని పోట్లాడాలో తెలియక, రెండూ చేద్దామని మామ ఇంటికి వెళ్లాను.

గుమ్మంలో నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "రండి సార్" అన్నాడు.

ఎగతాళి అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆ చేతులు చూశాను, ఆ మెడ చూశాను. నేను కుర్చీలో కూర్చోకుండా నేలమీద కూర్చున్నాను. నేను నేలమీద ఉంటే తాను ఎక్కడుండాలో తెలియక ఆయన గడప బయటికి వెళ్లి నిలబడ్డాడు. తప్పయింది మామా, కోపంలో అన్నాను అన్నాను. చిత్తం సార్ అన్నాడు. క్షమించినట్టూ కాదు, కోపం ఉన్నట్టూ కాదు. నాయనతో ఎప్పటిలా బావా బావా అని పరాచికాలాడేవాడు. నా భార్య కాఫీ తీసుకెళ్తే, అమ్మణ్ణీ, చక్కెర అంగట్లో అయిపోయిందా అని ఏడిపించేవాడట. నా దగ్గర మాత్రమే ఇలా. నీ మామ మనసులో ఏమీ లేదయ్యా, ఆయన ఒళ్లు వినడంలేదు అని నాయన నాకు చెప్పాడు. మూడుసార్లు చదివిన అధ్యాయం నాకే చెబుతున్నాడు. ఆ అధ్యాయంలో నేను మామను మాత్రమే చదువుకున్నాను. ఆ కోర్టు వరండాలో నా వేలు, నా గొంతు ఎవరివో చదువుకోలేదు.

రెండేళ్లు ఎన్నో విధాల ప్రయత్నించాను. కొత్త పుస్తకాల సంగతులు చెప్పాను, ఎగతాళి చేస్తాడేమోనని. శ్రద్ధగా విన్నాడు. ఆ శ్రద్ధ భరించలేక మధ్యలోనే లేచి వచ్చేశాను.

చివరిసారి చూసింది ఒక మధ్యాహ్నం. మంచాన పడి పది రోజులైంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. నేను లోపలికి అడుగుపెట్టగానే మోచేతుల మీద లేవబోయాడు. లేవద్దు మామా అన్నాను. లేస్తూనే ఉన్నాడు. భుజం పట్టుకుని బతిమాలాను. ఆయాసం వచ్చేస్తోంది, ఒక కాలు మంచం దిగి చెప్పు కోసం వెతుకుతోంది. ఇక నావల్ల కాలేదు.

"లేవద్దంటే లేవద్దు. పడుకో" అని అరిచాను.

"చిత్తం సార్" అని, కాలు వెనక్కి తీసుకుని, అప్పుడు పడుకున్నాడు.